డిస్కు లేని కంప్యూటర్లలో ప్రారంభ స్క్రిప్టు: ఏది ఎక్కడ రాయాలి

నమస్కారమండి. చిత్తూరులోని మీ శిక్షణ కేంద్రంలో 32 కంప్యూటర్లు హార్డ్ డిస్కు లేకుండా ఒకే సర్వరు నుంచి ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లను పంచుకునే పద్ధతి) మీదుగా డెబియన్ 12 లినక్స్ ఎక్కించుకుంటున్నాయనీ, యంత్రానికి పేరు పెట్టడం, విద్యార్థుల హోమ్ డైరెక్టరీలను మౌంట్ చేయడం (సర్వరులోనివాటిని యంత్రానికి తగిలించడం), ప్రింటరు చేర్చడం, ప్యాకేజీలను అప్‌డేట్ చేయడం వంటివన్నీ యంత్రం లేచేటప్పుడు నడిచే ఆర్‌సీ.లోకల్ ఫైలులో ఉన్న రెండు వందల వరుసల స్క్రిప్టే చేస్తోందనీ రాశారు. పాత యంత్రాలు 28, ఈ మధ్య కొన్నవి 4. కొత్తవాటిలో ఒకదానిపై తయారుచేసిన ఇమేజ్‌ను (అన్ని యంత్రాలూ వాడుకునే సిస్టమ్ ఫైళ్ల నకలును) గత నెలలో సర్వరులో పెట్టినప్పటి నుంచి పాతవి లేచేటప్పుడు సరిగ్గా రెండు నిమిషాలు నిలబడిపోతున్నాయి, కొత్తవాటిలో ఒకటి ఆన్ చేస్తే అప్పటికే నడుస్తున్న మరొకటి బిగుసుకుపోతోంది, కొన్నిటికి ప్రింటరు రావడం లేదు, కరెంటు పోయి వస్తే ఒక్క యంత్రమూ లేవడం లేదు. కాబట్టి స్క్రిప్టులో ఎక్కడెక్కడ ఎన్ని సెకన్ల స్లీప్ (కాసేపు ఆగమనే ఆదేశం) పెట్టాలన్నది మీ ప్రశ్న.

స్లీప్ ఎక్కడా పెట్టవద్దు. తిరుపతిలో ఇలాంటి ల్యాబును చాలా ఏళ్లుగా చూసుకుంటున్న అనుభవంతో చెబుతున్నాను: మీరు చెప్పిన నాలుగు ఇబ్బందులకూ కారణాలు వేర్వేరు, వాటిలో ఒక్కటి మాత్రమే ఆ స్క్రిప్టులో ఉంది. మిగిలినవి స్క్రిప్టు మొదలయ్యే లోపే జరిగిపోతున్నాయి.

ముందుగా ఆ రెండు నిమిషాల సంగతి చూద్దాం. సరిగ్గా రెండు నిమిషాలు అని మీరు గమనించి రాయడం వల్ల నాకు వెతుకులాట తప్పింది. లేచేటప్పుడు సేవలన్నిటినీ మొదలుపెట్టే ప్రోగ్రాము సిస్టమ్‌డీ; అందులో నెట్‌వర్క్‌ను చూసుకునే భాగమైన నెట్‌వర్క్‌డీతో పాటు వచ్చే వెయిట్-ఆన్‌లైన్ అనే సర్వీసు నెట్‌వర్క్ సిద్ధమైందన్న కబురు కోసం గరిష్ఠంగా 120 సెకన్లు ఎదురుచూసి, ఆ తర్వాత విఫలమైనట్టు నమోదు చేసుకుని దారి వదులుతుంది. ఇమేజ్‌ను కొత్త యంత్రం మీద తయారుచేశారు కాబట్టి నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఫైలులో ఆ మోడల్ ఈథర్‌నెట్ కార్డు పేరే ఉండి ఉంటుంది. ఈ పేర్లు కార్డు మదర్‌బోర్డులో ఏ స్లాటు మీద ఉందన్నదాన్ని బట్టి వస్తాయి గనుక పాత యంత్రాల్లో అదే కార్డుకు వేరే పేరు వస్తుంది. ఫైలులో రాసిన పేరు గల కార్డు ఆ యంత్రంలో లేదు, ఉన్న కార్డు నెట్‌వర్క్‌డీ లెక్కలో లేదు, రాని కబురు కోసం వెయిట్-ఆన్‌లైన్ కూర్చుంటుంది. పాత యంత్రం ఒకదానిలో సిస్టమ్‌డీ-అనలైజ్ బ్లేమ్ అన్న ఆదేశం నడిపి చూడండి; మొదటి వరుసలోనే ఆ సర్వీసు పేరు రెండు నిమిషాల లెక్కతో కనిపించాలి.

నిజానికి డిస్కు లేని యంత్రంలో ఈ ఎదురుచూపుకే అర్థం లేదు. సిస్టమ్ ఫైళ్లన్నీ ఉండే రూట్ ఫైల్ సిస్టమే నెట్‌వర్క్ మీదుగా వచ్చింది. అంటే సిస్టమ్‌డీ కళ్లు తెరిచే సమయానికే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (అసలు సిస్టమ్ కంటే ముందు ర్యామ్‌లో నడిచే చిన్న సిస్టమ్) ఐపీ చిరునామా తీసుకుని, సర్వరుతో మాట్లాడి, రూట్‌ను మౌంట్ చేసి పెట్టింది. నెట్‌వర్క్ లేకపోతే అసలు ఆ సర్వీసు ఫైలును చదవడానికే దిక్కు లేదు. కాబట్టి ఇమేజ్‌లో వెయిట్-ఆన్‌లైన్‌ను మాస్క్ చేసేయండి, అంటే అసలు మొదలుకాకుండా నిలిపేయండి. డిస్కు ఉన్న యంత్రానికి రాసిన సలహాలను డిస్కు లేనిదానికి యథాతథంగా అన్వయిస్తే వచ్చే తలనొప్పుల్లో ఇది అతి చిన్నది.

పెద్దది రెండోది: ఒకటి లేస్తే మరొకటి బిగుసుకోవడం. దీనికి నేను ఒక పూర్తి రోజు బలిపెట్టాను. అప్పట్లో మా ల్యాబులో అన్నీ ఒకే మోడల్ యంత్రాలు. రెండో వరుస ఆన్ చేస్తే మొదటి వరుసలో తెరలు నిలిచిపోయేవి. కేబుళ్లు మార్చాం, స్విచ్ మార్చాం, చివరికి ఎర్తింగ్ సరిగా లేదేమోనని ఎలక్ట్రీషియన్‌ను కూడా పిలిపించాం. సాయంత్రం సర్వరులో డీహెచ్‌సీపీ (యంత్రాలకు ఐపీ చిరునామాలను గడువుతో, అంటే లీజుకు ఇచ్చే సేవ) లీజుల ఫైలు తెరిచి చూస్తే, నడుస్తున్న యంత్రాలు పదికి పైగా ఉన్నా లీజు మాత్రం ఒక్కటే ఉంది.

కారణం ఇది. ఈటీసీ డైరెక్టరీలో మెషిన్-ఐడీ అనే చిన్న ఫైలు ఉంటుంది. అందులో 32 హెక్స్ అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది, డెబియన్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు అది ఒకసారి పుడుతుంది. ఒక యంత్రం మీద ఇన్‌స్టాల్ చేసి దాన్నే ఇమేజ్‌గా మారిస్తే ఆ సంఖ్య అన్ని యంత్రాలకూ ఒకటే అవుతుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ దశలో డీహెచ్‌సీపీ అడిగే చిన్న ప్రోగ్రాము మ్యాక్ చిరునామాతోనే (నెట్‌వర్క్ కార్డుకు ఉండే సొంత గుర్తుతోనే) తనను తాను పరిచయం చేసుకుంటుంది కాబట్టి అక్కడ చిక్కు రాదు, ఒక్కో యంత్రానికి ఒక్కో ఐపీ వస్తుంది. ఆ తర్వాత నెట్‌వర్క్‌డీ మేలుకుని మళ్లీ డీహెచ్‌సీపీ అడుగుతుంది; అది మాత్రం మామూలుగా మెషిన్-ఐడీ నుంచి పుట్టించిన గుర్తును పంపుతుంది. ఒకే మోడల్‌లో కార్డు పేరు కూడా ఒకటే కావడంతో ఆ గుర్తు అక్షరం తేడా లేకుండా సరిపోతుంది. సర్వరు దృష్టిలో అడుగుతున్నది ఒకే యంత్రం, కాబట్టి అదే ఐపీని మళ్లీ ఇస్తుంది. ఒకే చిరునామాతో రెండు యంత్రాలు తిరుగుతుంటే ఎన్ఎఫ్ఎస్ సంభాషణ తెగిపోతుంది, రూట్ అందని యంత్రం కొయ్యబారిపోతుంది. మీ పాత 28 యంత్రాలు దీని నుంచి తప్పించుకోవడానికి కారణం వాటి కార్డును నెట్‌వర్క్‌డీ పట్టించుకోకపోవడమే. అంటే ఆ రెండు నిమిషాల జాప్యాన్ని పోగొట్టడానికి కార్డు పేరు సరిచేసి ఉంటే 32 యంత్రాలూ ఒకదాన్నొకటి పడగొట్టుకునేవి. మీరు అది చేయకుండా ముందుగా అడగడం మంచిదైంది.

దీనికి చాలామంది చెప్పే మందు మెషిన్-ఐడీ ఫైలును ఖాళీ చేయడం. అది సగం మందు. ఫైలు ఖాళీగా ఉంటే సిస్టమ్‌డీ ప్రతి బూటుకూ కొత్త సంఖ్యను పుట్టిస్తుంది, డిస్కు లేదు కాబట్టి ఆపగానే అది పోతుంది. గొడవ ఆగుతుంది గానీ ప్రతి బూటుకూ సర్వరుకు ఒక కొత్త అతిథి వచ్చినట్టు అనిపించి కొత్త లీజు రాస్తుంది. రోజుకు మూడు బ్యాచులు, బ్యాచుకొకసారి ఆన్ చేస్తారనుకుంటే 32 యంత్రాలకు 96 లీజులు, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మ్యాక్ పేరుతో తీసుకున్న 32 కలిపితే 128. లీజు గడువు 24 గంటలుగా ఉండి, మీరు వంద చిరునామాల శ్రేణి ఇచ్చి ఉంటే మూడో బ్యాచు మొదట్లోనే చిరునామాలు అయిపోతాయి. మధ్యాహ్నం దాకా బాగుండి సాయంత్రం మొరాయించే ల్యాబులో లోపం పట్టుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పనవసరం లేదు.

నా సలహా ఏమిటంటే, బూట్ అయిన కార్డును నెట్‌వర్క్‌డీ గానీ నెట్‌వర్క్‌మేనేజర్ గానీ అసలు ముట్టుకోకుండా చేయండి. రూట్ ఆ తీగ మీద వేలాడుతున్నంత కాలం దాన్ని సర్దడానికి వచ్చే ప్రతి ప్రోగ్రామూ ప్రమాదమే. అయితే ఒక జాగ్రత్త అవసరం: ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తీసుకున్న లీజును తర్వాత ఎవరూ పునరుద్ధరించరు, గడువు తీరాక సర్వరు ఆ చిరునామాను ఇంకొకరికి ఇచ్చే అవకాశం ఉంది. అందువల్ల సర్వరులో డీహెచ్‌సీపీని నడిపే డీఎన్ఎస్‌మాస్క్‌లో 32 మ్యాక్ చిరునామాలకూ ఐపీని, పేరును ఖాయంగా రాసి పెట్టండి. ఒక పూట కూర్చుంటే అయిపోయే పని. ల్యాబులో బల్ల మీద అంటించిన నంబరే యంత్రం పేరుగా పెడితే, పదమూడోది పనిచేయడం లేదు సార్ అని విద్యార్థి చెప్పగానే లాగు ఫైలులో (యంత్రాల చిట్టాలో) వెతకవచ్చు. పేర్లను ఐపీలుగా మార్చే డీఎన్ఎస్ సర్వరు చిరునామాను కూడా ఇమేజ్‌లోని రిజాల్వ్.కాన్ఫ్‌లో స్థిరంగా రాసేయండి. ఏ కారణం చేతనైనా నెట్‌వర్క్‌డీ ఉండి తీరాలంటే మాత్రం దాని ఫైలులో క్లయింట్ గుర్తింపుగా మ్యాక్‌నే వాడమని చెప్పే క్లయింట్-ఐడెంటిఫయర్ అమరికను తప్పక పెట్టండి.

ఇక యంత్రం పేరు, మెషిన్-ఐడీ. ఈ రెండూ యంత్రానికి ఒకటిగా మారేవి కాబట్టి ఇమేజ్‌లో ఉండకూడదు, లేవగానే కావాలి కాబట్టి ఆర్‌సీ.లోకల్ దాకా ఆగకూడదు. వీటికి సరైన చోటు కర్నెల్‌కు (లినక్స్ మూల ప్రోగ్రాముకు) ఇచ్చే బూట్ వరుస. మీరు నెట్‌వర్క్ నుంచి బూట్ చేయించే ఐపీఎక్స్ఈ వాడుతున్నానని రాశారు గనుక పని సులువు. డీహెచ్‌సీపీ ఇచ్చిన హోస్ట్‌నేమ్ ఐపీఎక్స్ఈ స్క్రిప్టులో చలరాశిగా దొరుకుతుంది, దాన్ని సిస్టమ్‌డీ.హోస్ట్‌నేమ్ అనే పారామీటరుకు అప్పగించండి. అలాగే మ్యాక్ చిరునామాను మధ్యలో చుక్కలు లేకుండా 12 హెక్స్ అంకెలుగా ఇచ్చే హెక్స్‌రా రూపం ఉంది. దాని ముందు మీకు నచ్చిన 20 హెక్స్ అంకెలు చేర్చి మొత్తం 32 అంకెలను సిస్టమ్‌డీ.మెషిన్_ఐడీ పారామీటరుకు ఇవ్వండి. ఇకపై ఒక్కో యంత్రానికి ఒక్కో ఐడీ, అదీ ఎన్నిసార్లు ఆపి వేసినా మారనిది. మీ స్క్రిప్టులో పేరు కోసం మ్యాక్ జాబితాను వెతికే నలభై వరుసలు దీంతో పోతాయి.

ఇప్పుడు స్క్రిప్టు దగ్గరకు వద్దాం. ప్రింటరు కొన్నిటికే రావడానికి కారణం మీరు పంపిన మొదటి వరుసలోనే ఉంది: షెల్ పేరు పక్కన ఉన్న ఆ చిన్న ‘ఈ’ ఐచ్ఛికం. ఏ ఆదేశం విఫలమైనా అక్కడితో మొత్తం ఆపేయమని దాని అర్థం. పాత డెబియన్ నమూనా ఫైలులో అది ఉండేది, అందరమూ దాన్నే కాపీ చేసుకుంటూ వచ్చాం. మీ స్క్రిప్టులో ప్యాకేజీల అప్‌డేట్ ముందుంది, ప్రింటరు వెనుక ఉంది. ఇంటర్నెట్ ఒక్క క్షణం తడబడి అప్‌డేట్ విఫలమైతే ఆ యంత్రానికి ఆ పూట ప్రింటరు లేనట్టే. పైగా ఆర్‌సీ.లోకల్‌ను నడిపే సర్వీసుకు గడువు అంటూ లేదు. మామూలు సర్వీసు లేవకపోతే సిస్టమ్‌డీ 90 సెకన్లకు దాన్ని తెగ్గొడుతుంది, కానీ ఇందులో ఒక ఆదేశం వేలాడితే ఎంతసేపైనా వేలాడుతూనే ఉంటుంది.

ఆ ‘ఈ’ని తీసేయడం పరిష్కారం కాదు, ఎందుకంటే ఆ స్క్రిప్టులో ఉన్న పనుల్లో చాలావరకు అక్కడ ఉండాల్సినవి కావు. ప్రింటరు 32 యంత్రాలకూ ఒకటే; సర్వరులో ఇమేజ్‌లోకి క్రూట్ ఆదేశంతో వెళ్లి, ప్రింటింగ్ చూసుకునే కప్స్ కాన్ఫిగరేషన్‌లో ఒకసారి రాస్తే చాలు, ప్రతి ఉదయం 32 చోట్ల దాన్ని కొత్తగా చేర్చడం ఎందుకు? ప్యాకేజీల అప్‌డేట్ అయితే మరీ అన్యాయం. దింపుకున్నదంతా ఇమేజ్ పైన ర్యామ్‌లో పరిచిన ఓవర్లే పొరలోకి పోతుంది. ఆ పొర ఉండే టెంప్‌ఎఫ్ఎస్ (ర్యామ్‌లోని ఫైల్ సిస్టమ్) మామూలుగా ర్యామ్‌లో సగం దాకా పెరగగలదు, 4 జీబీ యంత్రంలో 2 జీబీని అప్‌డేటే మింగేస్తే విద్యార్థికి బ్రౌజరు తెరవడానికి చోటు ఉండదు. ఆపగానే అదంతా ఆవిరి, రేపు మళ్లీ మొదటి నుంచి. మీరు రాయకపోయినా డెబియన్ తనంతట తాను పెట్టుకున్న ఆప్ట్-డైలీ, మ్యాన్-డీబీ వంటి టైమర్లు కూడా ఇదే చేస్తాయి. ఇమేజ్‌లో వాటిని మాస్క్ చేయండి.

హోమ్ డైరెక్టరీల కోసం స్క్రిప్టులో మౌంట్ ఆదేశం, విఫలమైతే మళ్లీ ప్రయత్నించే లూపు రాసుకున్నారు. మౌంట్‌ల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఆ వరుసకు ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్ అన్న ఐచ్ఛికం చేర్చితే, ఎవరైనా హోమ్‌లోకి అడుగుపెట్టిన క్షణంలోనే మౌంట్ జరుగుతుంది. బూట్ సమయంలో దాని కోసం ఎవరూ ఆగరు. దీన్ని సాఫ్ట్ మౌంట్‌గా మాత్రం పెట్టవద్దు. సర్వరు ఒక నిమిషం పలకకపోతే హార్డ్ మౌంట్ కాచుకుని ఉండి తర్వాత కొనసాగుతుంది, సాఫ్ట్ మౌంట్ ప్రోగ్రాముకు లోపం చెప్పి చేతులు దులుపుకుంటుంది, విద్యార్థి రాసుకున్న ఫైలు సగంలో తెగిపోతుంది.

ఇంతా తీసేశాక మీ రెండు వందల వరుసల్లో ఏం మిగులుతుంది? నా లెక్కలో ర్యామ్ ఎంత ఉందో చూసి జెడ్‌ర్యామ్ స్వాప్ (ర్యామ్‌లోనే డేటాను కుదించి దాచే చోటు) పెట్టడం ఒకటి, తెర రిజల్యూషన్ సరిచేయడం ఒకటి. యంత్రం నడుస్తున్నప్పుడు మాత్రమే తెలిసే విషయాలు ఇవి, ప్రారంభ స్క్రిప్టుకు న్యాయంగా దక్కాల్సినవీ ఇవే. వీటికి కూడా ఆర్‌సీ.లోకల్ వద్దు, ఒక్కో పనికి ఒకసారి నడిచి ముగిసే వన్‌షాట్ రకం సిస్టమ్‌డీ యూనిట్ ఒకటి రాసి, ప్రతిదానికీ ఇరవై ముప్పై సెకన్ల గడువు పెట్టండి. ఒకటి విఫలమైతే మరొకటి ఆగదు, ఏది విఫలమైందో ఫెయిల్డ్ జాబితాలో పేరుతో సహా కనిపిస్తుంది.

స్క్రిప్టులో డేటాబేస్ పాస్‌వర్డ్ ఒకటి కనిపించింది. దయచేసి ఈరోజే మార్చండి. రూట్ ఇమేజ్‌ను ఎన్ఎఫ్ఎస్‌లో చదవడానికి మాత్రమే ఇచ్చినా, తన సొంత ల్యాప్‌టాప్‌ను ల్యాబు స్విచ్‌కు తగిలించిన విద్యార్థి ఎవరైనా దాన్ని మౌంట్ చేసి తీరిగ్గా చదువుకోగలడు. ఇమేజ్‌లో ఉన్నది ల్యాబు గోడ మీద రాసినట్టే.

కరెంటు పోయి వచ్చినప్పటి కథ వేరు. ఎండాకాలం సాయంత్రాలు ఈదురుగాలి రాగానే కరెంటు తీసేయడం మీకూ మాకూ అలవాటే. కరెంటు తిరిగి వచ్చిన మరుక్షణం యంత్రాలు పీఎక్స్ఈకి (నెట్‌వర్క్ నుంచి బూట్ వెతికే దశకు) చేరుకుంటాయి, కొద్దిసేపు డీహెచ్‌సీపీ అడిగి, జవాబు రాకపోతే బూట్ పరికరం లేదని చెప్పి కూర్చుంటాయి. సర్వరు మాత్రం తన డిస్కులను సరిచూసుకుని లేవడానికి నాలుగైదు నిమిషాలు తీసుకుంటుంది. స్విచ్‌లో స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో వలయాలు ఏర్పడకుండా చూసే ఏర్పాటు) పాత పద్ధతిలో ఉంటే ప్రతి పోర్టూ వినడానికి 15, నేర్చుకోవడానికి 15, మొత్తం 30 సెకన్లు మూసి ఉంటుంది. యంత్రాలున్న పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా గుర్తించి ఆ జాప్యాన్ని తీసేయవచ్చు. సర్వరు సంగతికి మాత్రం ఒకటే దారి: అన్ని యంత్రాల బయోస్‌లో కరెంటు తిరిగి వస్తే ఆఫ్‌లోనే ఉండాలని పెట్టండి, వేక్-ఆన్-ల్యాన్‌ను (నెట్‌వర్క్ ప్యాకెట్ పంపి యంత్రాన్ని లేపే సౌకర్యాన్ని) అనుమతించండి, సర్వరు పూర్తిగా లేచి ఎన్ఎఫ్ఎస్ సేవ మొదలైన తర్వాత సర్వరే ఒక్కొక్కరిని లేపాలి. ఆ ప్యాకెట్ చాలా చిన్నది: ఎఫ్ఎఫ్ విలువ గల ఆరు బైట్లు, ఆ తర్వాత యంత్రం మ్యాక్ పదహారు సార్లు, మొత్తం 102 బైట్లు. మ్యాక్ జాబితా డీఎన్ఎస్‌మాస్క్‌లో ఎలాగూ రాశారు, దాన్నే వాడుకోవచ్చు. అన్నిటినీ ఒక్కసారిగా లేపితే సర్వరు డిస్కు మీద తొక్కిసలాట జరుగుతుంది. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్ల వారీగా వదిలినట్టు నాలుగేసి యంత్రాలను పది సెకన్ల ఎడంతో లేపండి. 32కు 8 విడతలు, ఒకటిన్నర నిమిషంలోపు అందరూ లోపలికి వస్తారు. మీరు స్లీప్ పెట్టదగిన ఏకైక చోటు ఇదే, అదీ సర్వరులో. ఎడం ఎంత ఉండాలన్నది మీ సర్వరు డిస్కును బట్టి సర్దుకోండి. పాత హార్డ్ డిస్కు అయితే పది చాలదు, ఎస్ఎస్‌డీ అయితే ఐదే ఎక్కువ.

పాత యంత్రాల్లో సీమాస్ బ్యాటరీ అయిపోయి ఉంటే కరెంటు పోయినప్పుడల్లా గడియారం ఎప్పటి తేదీకో వెనక్కి పోతుంది, అప్పుడు బ్రౌజరు ప్రతి వెబ్‌సైటు సర్టిఫికెట్‌నూ తప్పు పడుతుంది. సర్వరులోనే సరైన సమయం అందించే ఎన్‌టీపీ నడిపి, ఇమేజ్‌లో సమయ సేవను దానికే చూపించండి.

ఈ మార్పులను నడుస్తున్న ఇమేజ్‌లో చేయకండి. యంత్రాలు ఒక లైబ్రరీ ఫైలును తెరుచుకుని ఉండగా సర్వరులో దాన్ని మార్చేస్తే, ఫైలు హ్యాండిల్ చెల్లదన్న లోపంతో ప్రోగ్రాములు రాలిపోతాయి. డైరెక్టరీని తేదీ పేరుతో కాపీ చేసి, కాపీలో మార్చి, ఐపీఎక్స్ఈ స్క్రిప్టులో ఒక్క మ్యాక్‌కు మాత్రమే ఆ కాపీని చూపించండి. ఆ ఒక్క యంత్రం కొత్తవాటిలో ఒకటి కాకుండా పాతవాటిలో ఒకటై ఉండేలా చూసుకోండి, గత నెల జరిగినది మళ్లీ జరగకుండా. అది రెండు మూడు రోజులు సజావుగా నడిచాక మిగిలినవాటిని మార్చండి. పాత కాపీని కనీసం ఒక నెల ఉంచండి.

లాగులు యంత్రంతోనే పోతాయి కాబట్టి లాగులు రాసే జర్నల్‌డీని వోలటైల్‌గా (ర్యామ్‌లోనే రాసేలా) పెట్టి పరిమాణానికి హద్దు వేసి, ఆర్‌సిస్‌లాగ్ ద్వారా సందేశాలను సర్వరుకు పంపించండి. యంత్రం బూట్ మధ్యలోనే ఆగిపోతుంటే ఆ ఒక్క మ్యాక్‌కు బూట్ వరుసలో సిస్టమ్‌డీ.డీబగ్-షెల్ చేర్చితే తొమ్మిదో కన్సోల్‌లో రూట్ షెల్ తెరుచుకుంటుంది. దానికి పాస్‌వర్డ్ ఉండదు, పని కాగానే తీసేయాలి.

మీరు అడగలేదు గానీ, షట్‌డౌన్‌లో కూడా ఈ యంత్రాలు నిలిచిపోతూ ఉండి ఉంటాయి. నెట్‌వర్క్ సేవను ముందు ఆపేసి, ఆ తర్వాత రూట్‌ను వదలబోతే తీగ తెగిన యంత్రం ఎటూ కదలలేదు. కార్డును ఎవరూ ముట్టుకోకుండా పైన చెప్పిన మార్పు చేస్తే అదీ పోతుంది. పోకపోతే, ఆగిపోయిన తెర మీద చివరి పది వరుసలను ఫోటో తీసి పంపండి, చూసి చెబుతాను.